కొండకూ సముద్రానికీ ఒకే అంకె: విశాఖ జిల్లా కుటుంబ ఆరోగ్య సర్వే ఫ్యాక్ట్ షీట్‌పై సమీక్ష

విశాఖపట్నంలో ప్రజారోగ్యంతో సంబంధం ఉన్నవారు, వైద్య కళాశాల పీజీ విద్యార్థులు కావచ్చు, జిల్లా వైద్యారోగ్య శాఖ సిబ్బంది కావచ్చు, పత్రికా విలేకరులు కావచ్చు, ఏదో ఒక రోజు తెరవక తప్పని పత్రం ఒకటుంది. అది జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో వెలువడిన విశాఖపట్నం జిల్లా ఫ్యాక్ట్ షీట్. కొద్ది పేజీల్లో 104 సూచికలు ఉంటాయి. రుసుమేమీ లేకుండా ఎవరైనా దించుకోవచ్చు. జనాభా గణాంకాలు బోధిస్తూ, వాటితోనే పరిశోధన చేసే నాకు ఇది నిత్యం చేతిలో ఉండే పనిముట్టు. జిల్లా స్థాయిలో ఇంత నమ్మదగిన ఆరోగ్య సమాచారం ఒకేచోట మరెక్కడా దొరకదని నా గట్టి అభిప్రాయం. అయితే ఇందులోని విశాఖపట్నం జిల్లా వేరు, ఇప్పుడు మనం చూస్తున్న విశాఖపట్నం జిల్లా వేరు. ఆ సంగతి మరచి దీన్ని చదివితే ఎక్కువగా నష్టపోయేది ఏజెన్సీ మండలాల తల్లులూ పిల్లలూ.

ఈ సర్వేను కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ మంత్రిత్వ శాఖ కోసం ముంబైలోని అంతర్జాతీయ జనాభా శాస్త్రాల సంస్థ నిర్వహిస్తుంది. 1956లో ఏర్పడిన ఆ సంస్థ 1992–93లో తొలి విడత పూర్తి చేసి, ఆ తరువాత 1998–99, 2005–06, 2015–16 సంవత్సరాల్లో మరో మూడు విడతలు నడిపింది. మొదటి మూడు విడతల్లో రాష్ట్రాల అంకెలే ఉండేవి. దేశంలోని జిల్లాలన్నిటికీ విడివిడిగా అంచనాలు ఇవ్వడం నాలుగో విడతతో మొదలైంది. ఐదో విడతలో దేశవ్యాప్తంగా 707 జిల్లాల్లో 6,36,699 కుటుంబాలను, 7,24,115 మంది మహిళలను, 1,01,839 మంది పురుషులను కలిశారు. పత్రం మీద 2019–21 అని అచ్చయి ఉన్నప్పటికీ, ఆంధ్రప్రదేశ్ 2019 జూన్ నుంచి 2020 జనవరి వరకు జరిగిన మొదటి దశలోనే ఉంది. అంటే మన జిల్లా అంకెలన్నీ కోవిడ్‌కు ముందటివి. లాక్‌డౌన్ వల్ల టీకాలు తగ్గాయా, ప్రసవాలు ఇళ్లకు మళ్లాయా అన్న ప్రశ్నలకు జవాబు వెతుకుతూ కొందరు ఈ పత్రాన్ని తెరవడం నేను చూశాను. ఆ జవాబు ఇందులో లేదు.

ఈ అంకెల వెనుక ఉన్న క్షేత్రస్థాయి శ్రమ గురించి తగినంతగా ఎవరూ చెప్పరు. పల్లెల్లో గ్రామాన్ని, పట్టణాల్లో జనగణన బ్లాకును ఒక క్లస్టర్‌గా ఎంచుకుంటారు. ఎంచుకున్న చోట ముందుగా ఇళ్లన్నిటినీ కొత్తగా జాబితా రాసి, ఆ జాబితా నుంచి 22 ఇళ్లను క్రమపద్ధతిలో తీస్తారు. తీసిన ఇంటికి తాళం వేసి ఉంటే పక్కింటికి వెళ్లి ప్రశ్నలు అడగడానికి వీల్లేదు. మళ్లీ ఆ ఇంటికే రావాలి. ఎత్తు, బరువు కొలుస్తారు, వేలి కొస నుంచి రక్తపు చుక్క తీసి హిమోగ్లోబిన్ చూస్తారు, రక్తపోటు, రక్తంలో చక్కెర పరీక్షిస్తారు. అడిగి రాసుకున్న సమాచారానికి, కొలిచి రాసుకున్న సమాచారానికి మధ్య ఎంత తేడా ఉంటుందో ఈ రంగంలో ఉన్నవారికి తెలుసు. మూడో తరగతి పిల్లవాడి ఎత్తును కూడా అంచనాతో నమోదు చేసే రిజిస్టర్లు ఎక్కువగా ఉన్న చోట, ఇలా కొలబద్ద పట్టుకుని ఇంటింటికీ తిరిగి తెచ్చిన అంకెకు నేను ఎప్పుడూ ఎక్కువ విలువ ఇస్తాను.

పత్రంలో నాకు నచ్చిన మరో అంశం నిజాయితీ. ఒక సూచికకు లెక్కలోకి వచ్చినవారు 25 నుంచి 49 మంది మాత్రమే ఉంటే ఆ అంకెను కుండలీకరణాల్లో పెడతారు. 25 మందికన్నా తక్కువైతే అంకె ఇవ్వకుండా నక్షత్రపు గుర్తు వేస్తారు. చాలామంది ఈ గుర్తులను గమనించకుండా అంకెను మాత్రం నోట్ చేసుకుంటారు. గత విడతకూ ఈ విడతకూ మధ్య పెద్ద మార్పు కనిపిస్తే, ముందుగా ఈ కుండలీకరణాలు ఉన్నాయో లేవో చూడమని నేను విద్యార్థులకు చెబుతాను.

లేనివాటి విషయానికి వస్తే, జిల్లా పత్రంలో సంతానోత్పత్తి రేటు గానీ శిశు మరణాల రేటు గానీ కనిపించవు. ఇది లోపం కాదు, జాగ్రత్త. దేశం మొత్తం మీద చూస్తే జిల్లాకు సగటున తొమ్మిది వందల కుటుంబాలే సర్వేలోకి వచ్చాయి. అంత చిన్న నమూనాలో శిశు మరణాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి, వాటి మీద రేటు కట్టడం సాహసమవుతుంది. అందువల్ల రాష్ట్రపు అంకెలతోనే సరిపెట్టుకోవాలి. ఐదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్ సంతానోత్పత్తి రేటు ఒక్కో మహిళకు 1.7, దేశంలో అది 2.0. శిశు మరణాల రేటు రాష్ట్రంలో వెయ్యి జననాలకు 30. అదే రాష్ట్రానికి, ఏటా జనన మరణాల రేట్లను అంచనా వేసే శాంపిల్ రిజిస్ట్రేషన్ వ్యవస్థ 2020 సంవత్సరానికి 24 అని చూపింది. రెండింటిలో ఏది నిజమని వాదించుకునే ముందు, మొదటిది సర్వేకు ముందు ఐదేళ్లలో పుట్టిన పిల్లల సగటు అని, రెండోది ఒక్క సంవత్సరపు అంకె అని గుర్తించాలి. శిశు మరణాలు తగ్గుతూ వస్తున్న కాలంలో ఐదేళ్ల సగటు ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణం.

ఇప్పుడు అసలు విషయం. 2011 జనగణనలో విశాఖపట్నం జిల్లా జనాభా సుమారు 42.9 లక్షలు, విస్తీర్ణం 11,161 చదరపు కిలోమీటర్లు. సర్వే బృందాలు తిరిగింది ఈ ఉమ్మడి జిల్లాలోనే. 2022 ఏప్రిల్ 4న అది విడిపోయి, నగరంతో కూడిన విశాఖపట్నం, మైదాన మండలాల అనకాపల్లి వేరు జిల్లాలు కాగా, పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి మన్యం మండలాలు వెళ్లాయి. అరకులోయ, అనంతగిరి, డుంబ్రిగుడ, హుకుంపేట, పెదబయలు, ముంచింగిపుట్టు, జి.మాడుగుల, చింతపల్లి, గూడెంకొత్తవీధి, కొయ్యూరు, పాడేరు, ఈ పదకొండు ఏజెన్సీ మండలాల జనాభా 2011లో సుమారు ఆరు లక్షలు, అంటే ఉమ్మడి జిల్లాలో ఏడో వంతు. గర్భిణిని డోలీలో మోసుకుని రోడ్డు దాకా తేవలసిన కొండ శిఖర గ్రామమూ, అరగంటలో పెద్దాస్పత్రికి చేరగలిగే నగరంలోని ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంటూ ఈ పత్రంలో ఒకే గడిలో కలిసిపోయాయి.

ఆ కలయిక ఏం చేస్తుందో ఒక ఊహా లెక్కతో చూపిస్తాను. ఇవి సర్వే అంకెలు కావు. వయసుకు తగిన ఎత్తు పెరగని పిల్లలు మైదాన ప్రాంతంలోనూ నగరంలోనూ 28 శాతం, ఏజెన్సీలో 48 శాతం అనుకుందాం. జనాభాలో 86 శాతం మొదటి చోట, 14 శాతం రెండో చోట ఉంటే జిల్లా సగటు 30.8 వస్తుంది. అంగన్‌వాడీలు, ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు కొన్నేళ్లు కష్టపడి ఏజెన్సీలో ఆ సంఖ్యను 48 నుంచి 42కు తగ్గించారనుకుందాం. ఎవరైనా గర్వపడవలసిన ఫలితమది. కానీ జిల్లా సగటు 30.8 నుంచి సుమారు 30కి మాత్రమే దిగుతుంది. మూడు వందల మంది పిల్లలను కొలిచిన నమూనాలో, ఇళ్లను క్లస్టర్లుగా ఎంచుకోవడం వల్ల పెరిగే అనిశ్చితిని కూడా కలుపుకుంటే, అంచనాకు అటూ ఇటూ ఆరు పాయింట్ల వరకు తేడా ఉండవచ్చు. అందులో ఒక పాయింటుకు కూడా చేరని ఈ మెరుగుదల ఆనవాలు లేకుండా పోతుంది. ఇదే లెక్క తిరగేసినా నిజమే: ఏజెన్సీలో పరిస్థితి దిగజారినా జిల్లా గడిలో అది కనబడదు.

నాలుగో విడతలో దీనికి కొంత ఉపశమనం ఉండేది. పట్టణ జనాభా 30 నుంచి 70 శాతం మధ్య ఉన్న జిల్లాలకు పట్టణ, గ్రామీణ అంచనాలు విడిగా వచ్చేలా ఆ విడత నమూనాను రూపొందించారు. 2011లో పట్టణ జనాభా 47 శాతం ఉన్న విశాఖపట్నం ఆ కోవలోకే వస్తుంది. ఐదో విడత జిల్లా పత్రంలో మాత్రం ఈ విడత మొత్తం, గత విడత మొత్తం అన్న రెండు నిలువు వరుసలే ఉన్నాయి. ఈ సమీక్షలో నేను గట్టిగా చెప్పదలచిన లోపం ఇది. అయితే గ్రామీణం అన్న వరుస ఉన్నా మన అవసరం పూర్తిగా తీరేది కాదు. ఎందుకంటే చోడవరం, యలమంచిలి మైదాన పల్లెలూ ముంచింగిపుట్టు కొండ పల్లెలూ రెండూ గ్రామీణమే.

కుటుంబాల స్థాయి ముడి డేటాను తీసుకుని కొత్త జిల్లాల ప్రకారం మనమే విడగొట్టవచ్చు కదా అని విద్యార్థులు అడుగుతారు. ప్రయత్నించదగిన పనే గానీ, హద్దులు తెలుసుకుని చేయాలి. ప్రజల గోప్యత కోసం క్లస్టర్ల జీపీఎస్ స్థానాలను కావాలనే కొంచెం జరుపుతారు: పట్టణాల్లో రెండు కిలోమీటర్ల వరకు, పల్లెల్లో ఐదు కిలోమీటర్ల వరకు, పల్లె క్లస్టర్లలో నూటికి ఒకదాన్ని పది కిలోమీటర్ల వరకు. జిల్లా సరిహద్దు దాటకుండా జరుపుతారు గానీ, అది సర్వే నాటి ఉమ్మడి జిల్లా సరిహద్దు. కొయ్యూరు అంచున ఉన్న క్లస్టర్ నర్సీపట్నం వైపు కనిపించవచ్చు. అంతకన్నా పెద్ద చిక్కు సంఖ్యది. జిల్లాకు తొమ్మిది వందల ఇళ్లు, క్లస్టర్‌కు 22 ఇళ్లు అన్న లెక్కన క్లస్టర్లు నలభైకి కాస్త అటూ ఇటూ ఉంటాయి. అందులో ఏడో వంతంటే ఏజెన్సీకి దక్కేవి సుమారు ఆరు, ఇళ్లు నూట ముప్పై, ఐదేళ్లలోపు పిల్లలు నలభై యాభై మంది. అంటే పదకొండు మండలాల పిల్లల పరిస్థితి మొత్తం, ఆ పత్రం పెట్టుకున్న నియమం ప్రకారమే, కుండలీకరణాల్లో పెట్టవలసినంత చిన్న సంఖ్య మీద ఆధారపడి ఉంటుంది. అల్లూరి జిల్లా పేరుతో ఐదో విడత అంకెలంటూ ఎవరైనా బల్ల మీద పెడితే, వాటిని ఎలా రాబట్టారో, ఎంత మంది మీద లెక్క కట్టారో ముందుగా అడగాలి.

రక్తహీనత సూచిక గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే సభల్లోనూ పత్రికల్లోనూ ఎక్కువగా వినిపించేది అదే. రాష్ట్రంలో 15–49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని ఐదో విడత చెప్పింది. ఇది వేలి కొస రక్తంతో, చేతిలో పట్టే చిన్న యంత్రంతో చేసిన పరీక్ష. సిర నుంచి రక్తం తీసి ప్రయోగశాలలో చూస్తే ఫలితం వేరుగా రావచ్చు. 2016–18లో సిర రక్తంతో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే, ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో రక్తహీనత 41 శాతమని చూపింది. దానికి కాస్త ముందు జరిగిన కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడతలో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో అది 58.6 శాతం. వయసుల్లో కొంత తేడా ఉన్నా, అంత అంతరానికి అదొక్కటే కారణం కాజాలదు. ఆ చర్చ ఫలితంగానే రక్తహీనతను తరువాతి విడత నుంచి తప్పించి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఆధ్వర్యంలో సిర రక్తంతో వేరే సర్వేకు అప్పగించారు.

మన ప్రాంతానికి ఇంకొక మెలిక ఉంది. ఎత్తైన ప్రదేశాల్లో నివసించేవారికి సహజంగానే హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉంటుంది కాబట్టి, కొలిచిన విలువ నుంచి కొంత తీసివేసి రక్తహీనతను నిర్ణయిస్తారు. సర్వేలో ఈ సవరణ వెయ్యి మీటర్లకు పైన ఉన్న ప్రదేశాలకే వర్తించింది. అరకు, పాడేరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. సవరణ గీతకు కాస్త కింద ఆగిపోయాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన కొత్త మార్గదర్శకాల ప్రకారం 500 మీటర్ల నుంచే సవరణ మొదలవుతుంది, 500–999 మీటర్ల మధ్య డెసిలీటరుకు 0.4 గ్రాములు తీసివేయాలి. అంటే పాడేరులో 12.2 గ్రాములు చూపిన మహిళ పాత లెక్కలో ఆరోగ్యవంతురాలు, కొత్త లెక్కలో 11.8తో రక్తహీనత ఉన్న మనిషి. పైగా హిమోగ్లోబిన్ తగ్గిందని యంత్రం చెబుతుంది గానీ ఎందుకు తగ్గిందో చెప్పదు. ఇనుము లోపం, మలేరియా, కొంకి పురుగులు, సికిల్ సెల్ వ్యాధి, ఇవన్నీ మన్యంలో పక్కపక్కనే ఉంటాయి. ఈ ఒక్క శాతాన్ని చూసి ఐరన్ మాత్రల పంపిణీతోనే సరిపెడితే, మాత్రలతో నయం కాని రక్తహీనత ఉన్నవారు వైద్యానికి దూరంగానే మిగిలిపోతారు.

సర్వే ఇళ్లను మాత్రమే ఎంచుకుంటుంది; హాస్టళ్లు, బ్యారక్‌లు అందులోకి రావు. నగరంలో దీని ప్రభావం కొంతే. ఏజెన్సీలో మాత్రం పదిహేను, పదహారేళ్ల అమ్మాయిల్లో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో ఉంటారు. ఇళ్లలో దొరికేది చదువు మానేసినవారు, పెళ్లయినవారు. కౌమార బాలికలకు సంబంధించిన ఏ సూచికనైనా ఈ సంగతి దృష్టిలో పెట్టుకునే చదవాలి.

పొగాకు గడి కూడా స్థానిక పాఠకుడికి అసంతృప్తి కలిగిస్తుంది. పదిహేనేళ్లు పైబడిన మహిళల్లో ఏదో ఒక రూపంలో పొగాకు వాడేవారి శాతాన్ని పత్రం ఇస్తుంది. ఉత్తరాంధ్ర తీర గ్రామాల్లో చుట్టను నిప్పు ఉన్న కొస నోటిలో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు పెద్దవయసు మహిళల్లో ఉంది. దానికీ అంగిలి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని విశాఖ వైద్యులే దశాబ్దాల కిందట లోకానికి చూపించారు. ఏదో ఒక రూపం అన్న మాట కింద అడ్డపొగ, ఖైనీ, నశ్యం ఒకటైపోయాయి. పక్కనే నోటి క్యాన్సర్ పరీక్ష చేయించుకున్న మహిళల శాతం ఉన్నా, అది 30–49 ఏళ్లవారికే పరిమితం. అడ్డపొగ కాల్చే అవ్వలు ఆ లెక్కలోనే లేరు.

ప్రసవాల సూచికల్లో మాత్రం ఈ సర్వేకు సాటి వచ్చేది మరొకటి లేదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం బిడ్డ పుట్టిన చోటే జననం నమోదవుతుంది. శ్రీకాకుళం, విజయనగరం నుంచీ మన్యం నుంచీ ఒడిశా సరిహద్దు గ్రామాల నుంచీ గర్భిణులు నగరంలోని కింగ్ జార్జ్ ఆస్పత్రికి (కేజీహెచ్) వస్తారు. వారి బిడ్డలందరూ నగరపు రిజిస్టర్‌లో చేరతారు. ఆ రిజిస్టర్‌ను చూసి నగరంలో జననాలు పెరిగాయని, వారి సొంత మండలాల్లో తగ్గాయని అనుకుంటే తప్పు. సర్వే తల్లి నివసించే ఇంట్లో లెక్కిస్తుంది కాబట్టి ఈ చిక్కు ఉండదు. రాష్ట్రంలో ఆస్పత్రి ప్రసవాలు 96.5 శాతమని, సిజేరియన్లు 42.4 శాతమని ఐదో విడత తేల్చింది; దేశంలో సిజేరియన్లు 21.5 శాతమే. జిల్లా పత్రం ప్రభుత్వ, ప్రైవేటు ఆస్పత్రుల సిజేరియన్ శాతాలను విడివిడిగా ఇస్తుంది. ప్రసూతి సేవల మీద పని చేసేవారు మొట్టమొదట చూడవలసిన వరుసలు అవే. ఇక్కడ కూడా సగటు మాయను మరువకూడదు. నగరంలో అవసరానికి మించి జరిగే శస్త్రచికిత్సలూ, కొండ మీద అవసరమైనా అందని శస్త్రచికిత్సలూ కలిసి జిల్లాకు మధ్యస్థమైన అంకెను ఇవ్వగలవు.

అందుబాటు విషయానికి వస్తే, ఫ్యాక్ట్ షీట్ ఎవరికైనా వెంటనే దొరుకుతుంది. ముడి డేటా కోసం పరిశోధన ఉద్దేశాన్ని రాసి నమోదు చేసుకోవాలి. ఏళ్ల తరబడి అది అమెరికా సహాయంతో పలు దేశాల జనాభా, ఆరోగ్య సర్వేలను నడిపించే డీహెచ్‌ఎస్ ప్రోగ్రామ్ ద్వారా ఉచితంగా అందేది. 2025 ఫిబ్రవరిలో ఆ నిధులు ఆగిపోవడంతో, ప్రపంచమంతటా పరిశోధకులు ఆధారపడిన ఆ వ్యవస్థ కుంటుపడింది. మన జనం ఇచ్చిన సమాచారం మన సంస్థల నుంచే నేరుగా, సులువుగా, ఎప్పటికీ అందే ఏర్పాటు ఉండాలని అప్పుడు మరింత స్పష్టమైంది. పత్రం ఇంగ్లీషులో ఉండటం నాకు ఇబ్బంది కాదు గానీ, దాన్ని రోజూ వాడవలసిన ఏఎన్‌ఎంలకు, గ్రామ సచివాలయ సిబ్బందికి అది ఇబ్బందే. తెలుగులో నాలుగు పేజీలు, సూచికకు ఒక వాక్యం వివరణ, ఇది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కేంద్ర ఆరోగ్య శాఖ సహాయంతో నడిచే జనాభా పరిశోధన కేంద్రం ఉంది. ఆ పనికి అంతకన్నా తగిన చోటు నాకు తోచదు.

ఐదో విడత నమూనాకు ఆధారం 2011 జనగణన. ఆ తరువాత మధురవాడ, కొమ్మాది, పెందుర్తి వైపు నగరం ఎంత పెరిగిందో చూస్తున్నవారికి ఆ ఆధారం ఎంత పాతబడిందో చెప్పనక్కరలేదు. వాయిదా పడిన జనగణన 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా తీసుకుని జరగనుంది. ఆ తరువాతి సర్వేలకు కొత్త గ్రామాల జాబితా, కొత్త జిల్లాల హద్దులు దొరుకుతాయి. అప్పుడు నమూనా రూపొందించేవారు ఉత్తరాంధ్ర షెడ్యూల్డ్ ప్రాంతాన్నంతటినీ, అంటే పార్వతీపురం వైపు మన్యాన్నీ పాడేరు వైపు మన్యాన్నీ కలిపి, ఒక ప్రత్యేక విభాగంగా తీసుకుని, అక్కడ జనాభా దామాషాకు మించి క్లస్టర్లు ఎంచుకుంటే చాలు. ఆ అదనపు ఎంపికకు తగ్గట్టు తూకాలు (వెయిట్లు) వేసి రాష్ట్రపు సగటును సరిచేసుకోవడం గణాంకవేత్తలకు నిత్యకృత్యమే. అంతవరకు ఏజెన్సీ గురించి మాట్లాడేటప్పుడు ఈ జిల్లా పత్రాన్ని పక్కన పెట్టి, పీహెచ్‌సీల వారీ నెలవారీ నివేదికలనూ జనన మరణాల రిజిస్టర్లనూ ముందుకు తీసుకోవడమే మేలు. వాటిలో హారం, అంటే రేటు కట్టడానికి భాగించే జనాభా, 2011 జనాభా నుంచి అంచనా వేసినదేనని, కేజీహెచ్ వంటి చోట్ల పుట్టిన బిడ్డలు మండల రిజిస్టర్లలో ఉండరని మాత్రం ప్రతి పట్టిక కిందా రాయాలి.